దారి పక్కన రాజధాని!

హంపీ పాడుబడ్డాక విజయనగర రాజులు కొలువుతీరిన ఊరు పెనుకొండ. బెంగళూరు వెళ్లే బస్సులూ కార్లూ రోజూ దాని పక్కనుంచే దూసుకెళ్తుంటాయి. ఒక్క రెండ్రోజులు అటు తిరిగితే చాలు... ఆ రాజధానినీ, దాని ఖజానాతో కట్టారని చెప్పుకునే లేపాక్షినీ, పనిలో పనిగా ధర్మవరం పట్టు మగ్గాలనూ చూసి రావచ్చు.

ఎవరైనా మొదటిసారి లండనో ప్యారిసో వెళ్తున్నారనుకోండి. బయల్దేరకముందే చేతిలో ఓ జాబితా ఉంటుంది. కోట ఎక్కడ, రాజభవనం ఎక్కడ, ఏ గుడి చూడాలి, ఏ వీధిలో ఏం కొనాలి, ఏం తినాలి... అన్నీ ముందే రాసుకుంటారు. అవన్నీ చూడకుండా వస్తే ఆ ఊరు చూసినట్టే కాదంటారు. మరి మన రాష్ట్రంలోనే ఉన్న ఓ పాత రాజధానికి అలాంటి జాబితా ఎంతమంది దగ్గరుంది?

అనంతపురం నుంచి బెంగళూరు వైపు 44వ నంబరు జాతీయ రహదారి మీద డెబ్బై కిలోమీటర్లకు పైగా వెళ్తే ఓ పెద్ద కొండ కనిపిస్తుంది. ఊరి పేరు కూడా అదే... పెను కొండ! పాత శాసనాల్లో, కావ్యాల్లో దీన్నే ఘనగిరి అన్నారు. (వాసవీ కన్యకాపరమేశ్వరి పేరుతో ముడిపడిన గోదావరి సీమలోని పెనుగొండ వేరు.) ఒకప్పుడు అనంతపురం జిల్లాలో ఉన్న ఈ ఊరు 2022 ఏప్రిల్ నుంచి శ్రీసత్యసాయి జిల్లాలోకి వచ్చింది. లేపాక్షికి వెళ్లే పర్యాటకుల్లో చాలామంది పెనుకొండ బోర్డు చూసి కూడా ఆగకుండా వెళ్లిపోతారు. కానీ పెనుకొండ చూడకుండా లేపాక్షి చూడటమంటే, కథలో రెండో సగమే విన్నట్టు.

ఏనుగుల మీద వచ్చిన రాజ్యం

విజయనగర సామ్రాజ్యం 1336లో పుడితే, ఆ తర్వాత ఇరవై ఏళ్లు తిరక్కుండానే పెనుకొండకు ప్రాధాన్యం వచ్చింది. మొదటి బుక్కరాయలు ఈ సీమను తన కొడుకు వీర విరుపణ్ణ ఒడయరుకు అప్పగించాడనీ, అతని కాలంలోనే కోట కట్టారనీ 1354 నాటి శాసనం చెబుతోంది. అప్పట్నుంచీ రాజధాని హంపీ అయినా, రాజులకు రెండో ఇల్లు ఇదే.

1565 జనవరి 23న రక్కసి తంగడి యుద్ధం జరిగింది. తళ్లికోట యుద్ధం అని పాఠాల్లో చదువుకున్నది ఇదే. అళియ రామరాయలు యుద్ధభూమిలోనే చనిపోయాడు. ఆయన తమ్ముడు తిరుమల రాయలు, పేరుకు చక్రవర్తిగా ఉన్న సదాశివ రాయలను వెంటబెట్టుకుని, చేతికందిన ధనమంతా ఏనుగుల మీదకెక్కించి హంపీ వదిలేశాడు. ఆ ఏనుగులు 550 అని ప్రతీతి. అవన్నీ చివరికి చేరిన చోటు పెనుకొండ.

ఈ సంగతి యూరప్ దాకా కూడా వెళ్లింది. సీజర్ ఫ్రెడరిక్ అనే వెనిస్ వ్యాపారి 1567లో హంపీకి వచ్చాడు. అప్పటికి నగరం దాదాపు ఖాళీ. రాజు తన పరివారంతో ఎనిమిది రోజుల ప్రయాణం దూరంలో ఉన్న ‘పెనెగొండె’ కోటకు వెళ్లిపోయాడని ఆయన తన యాత్రా కథనంలో రాసుకున్నాడు. అక్షరాలు కాస్త తారుమారైనా అది మన పెనుకొండే.

తిరుమల రాయలు ఇక్కడే 1570 ప్రాంతంలో పట్టాభిషేకం చేసుకున్నాడు. అరవీటి వంశం పాలన అలా మొదలైంది. ముగ్గురు కొడుకులకు మూడు ప్రాంతాలు పంచాడాయన. తెలుగు సీమను పెనుకొండ నుంచి శ్రీరంగరాయలు, కన్నడ సీమను శ్రీరంగపట్టణం నుంచి రాముడు, తమిళ సీమను చంద్రగిరి నుంచి వేంకటపతి చూసుకున్నారు. బీజాపూర్ సేనలొకసారి, గోల్కొండ సేనలొకసారి పెనుకొండను ముట్టడించాయి. చివరికి రెండో వేంకటపతి రాయలు 1592 ప్రాంతంలో రాజధానిని చంద్రగిరికి మార్చేశాడు. అంటే ఈ ఊరు సామ్రాజ్యానికి ప్రధాన రాజధానిగా ఉన్నది పాతికేళ్ల పైచిలుకే. అయితేనేం, ఓడిపోయిన రాజ్యం మళ్లీ లేచి నిలబడింది ఇక్కడే.

ఎర్రమంచి వాకిలి నుంచి మొదలు

పెనుకొండను చూడ్డం మొదలుపెట్టాల్సింది ఉత్తరపు కోట వాకిలి నుంచి. ఎర్రమంచి అనే ఊరి వైపు దారి తీస్తుంది కాబట్టి దానికి ఎర్రమంచి ద్వారం అని పేరు. లోపలికి అడుగుపెట్టగానే దాదాపు 11 అడుగుల ఎత్తున్న ఆంజనేయుడు ఎదురవుతాడు. కోటకు కాపలా ఆయనదే. ఊళ్లో ఏ వీధికెళ్లినా ఏదో ఒక మూల మరో ఆంజనేయుడు కనిపిస్తాడు. వ్యాసరాయలు ఇక్కడ ఏడాదికి ఎన్ని రోజులో అన్ని... 365 హనుమంతుడి విగ్రహాలు ప్రతిష్ఠించారని స్థానికుల నమ్మకం. వాటిలో ఎన్ని కనిపిస్తాయో లెక్కపెట్టమని పిల్లలకు చెబితే, ఊరంతా వాళ్లే తిప్పి చూపిస్తారు.

ఎర్రమంచి పేరు ఎక్కడో విన్నట్టుందా? 2019లో కార్ల తయారీ మొదలుపెట్టిన కియా కర్మాగారం ఉన్నది అక్కడే. ఒకప్పుడు ఏనుగులూ గుర్రాలూ ఏ ఊరి పేరున్న వాకిట్లోంచి వచ్చాయో, ఇప్పుడు ఆ ఊరి నుంచే కొత్త కార్లు దేశమంతా వెళ్తున్నాయి.

అద్దాల్లేని మేడ... గగన్‌మహల్

లండన్‌కి బకింగ్‌హామ్ ప్యాలెస్ ఎలాగో పెనుకొండకు గగన్‌మహల్ అలాగ. పరిమాణంలో మాత్రం పోలికే లేదు. రెండంతస్తుల భవనం, పైన గుడి శిఖరాన్ని తలపించే బురుజు. కింద వరసగా కమాన్లు. హంపీలో లోటస్ మహల్ చూసినవాళ్లు ‘అరె, దాని చెల్లెల్లా ఉందే!’ అనుకుంటారు. కమాన్లది సుల్తానుల పద్ధతి, శిఖరానిది గుడి పద్ధతి. సుల్తానులతో యుద్ధాలు చేస్తూనే వాళ్ల మేస్త్రీల పనితనాన్ని మెచ్చుకుని ఇంటికి తెచ్చుకున్నారన్నమాట విజయనగర రాజులు.

లోపల సింహాసనాలు లేవు, తెరలు లేవు. మెట్లెక్కి పై అంతస్తులోకి వెళ్తే మాత్రం కిటికీల్లోంచి గాలి ఈలవేస్తూ వస్తుంది. ఎర్రటి ఎండాకాలంలో కూడా చల్లగా ఉంటుంది. కాసేపు అక్కడ కూర్చుని చూస్తే, కొండా ఊరూ కోటగోడా ఒకదాన్నొకటి ఎలా కాపాడుకున్నాయో అర్థమవుతుంది.

ఒకే కోటలో అందరి దేవుళ్లూ

గగన్‌మహల్ చూశాక ఊళ్లో నడక. ఇరుగుపొరుగు ఇళ్లలా పక్కపక్కనే రెండు గుళ్లుంటాయి... ఒకటి రాముడిది, ఒకటి శివుడిది. రాముడి గుడి గోడలే ఓ బొమ్మల పుస్తకం. రామాయణ ఘట్టాలు, కృష్ణుడి అల్లరి చేష్టలు చిన్నచిన్న శిల్పాలుగా చెక్కారు. శివాలయం గోడల మీద శివుడి కథలు. చేతిలో ఫోను పక్కన పెట్టి, ఏ బొమ్మ ఏ కథో పిల్లలతో పందెం వేసుకోవచ్చు. తాతయ్యలూ అమ్మమ్మలూ వెంట ఉంటే గెలుపు వాళ్లదే.

జైనులకూ పెనుకొండ పుణ్యక్షేత్రమే. ఇక్కడి పార్శ్వనాథుడి విగ్రహం పచ్చరాతిది. వెనక మెలికలు తిరుగుతూ పైకి లేచిన పాము, దాని ముందు నిశ్చలంగా నిలబడిన తీర్థంకరుడు. హొయసల శైలి శిల్పం. ఒక్క ఆ విగ్రహాన్ని చూడ్డానికే దూరదూరాల నుంచి జైన యాత్రికులు వస్తారు.

ఇక విజయనగర కాలంలోనే కట్టిన షేర్ ఖాన్ మసీదు. రాతి పనితనంలో గుడికీ మసీదుకీ చుట్టరికం ఉందని చూడగానే తెలుస్తుంది. ఊళ్లో అందరి నోటా వినిపించే పేరు మాత్రం బాబయ్యది. సూఫీ గురువు బాబా ఫక్రుద్దీన్‌ను ఇక్కడి జనం ప్రేమగా బాబయ్య స్వామి అంటారు. విజయనగరం పుట్టకముందే ఆయన ఈ కొండ కిందికి వచ్చాడంటారు. ఏటా జరిగే ఉరుసుకు అటు కర్ణాటక నుంచీ ఇటు సీమ జిల్లాల నుంచీ హిందువులూ ముస్లింలూ కలిసే వస్తారు. పిల్లలకు బాబయ్య అనో ఫకీరప్ప అనో పేరు పెట్టుకునే హిందూ కుటుంబాలు సీమలో కనిపించడం వెనక ఇలాంటి దర్గాల మీది నమ్మకమే ఉంది.

అప్పాజీ ఆఖరి మజిలీ

శ్రీకృష్ణదేవరాయలు ‘అప్పాజీ’ అని పిలుచుకున్న మహామంత్రి తిమ్మరుసు కథ సినిమాల పుణ్యమా అని అందరికీ తెలిసిందే. యువరాజు మరణానికి మంత్రే కారణమన్న అనుమానంతో రాయలు ఆయన కళ్లు తీయించి చెరలో పెట్టించాడని అప్పటి పోర్చుగీసు వ్యాపారి నూనిజ్ రాశాడు. ఆ చెర పెనుకొండలోనే అని స్థానికులు చెబుతారు. తిమ్మరుసు సమాధి అని ఇక్కడ ఓ కట్టడాన్ని చూపిస్తారు. దానికి హంగూ ఆర్భాటం ఏమీ లేదు. ఒక సామ్రాజ్యాన్ని నిలబెట్టిన మనిషి జ్ఞాపకం అంత చిన్న చోట ఉండటమే చూసినవాళ్లను కదిలిస్తుంది.

ఓపిక ఉన్నవాళ్లు కొండెక్కి లక్ష్మీనరసింహస్వామిని దర్శించుకోవచ్చు. ఎండ ముదరకముందే ఎక్కి దిగిపోవడం మంచిది. నీళ్ల సీసా తప్పనిసరి. దారి పొడవునా పాత గోడలూ వాకిళ్లూ కనిపిస్తూనే ఉంటాయి. ఎక్కలేని పిల్లలకు ఊరి దగ్గరే మరో వినోదం ఉంది... 140 అడుగులకు పైగా పొడవున్న కుంభకర్ణుడి విగ్రహం. ఇది మన కాలంలో కట్టిందే. నిద్రపోతున్న రాక్షసుడు, నిద్ర లేపుతున్న సేనలు, లోపలికి వెళ్లి రావడానికి దారి!

తవ్వితే దొరికేది కాదు

550 ఏనుగుల మీద ధనం వచ్చిందన్న ఆ పాత మాటే పెనుకొండకు శాపమైంది. ‘అంత బంగారం ఎక్కడికి పోతుంది... ఇక్కడే ఎక్కడో పాతిపెట్టి ఉంటారు’ అనుకునేవాళ్లు తరతరాలుగా ఉన్నారు. గుప్తనిధుల వేటగాళ్లు రాత్రిపూట పాడుబడిన గుళ్లలో దూరి గర్భగుళ్లు తవ్వడం, విగ్రహాలను పెకలించడం ఈ ప్రాంతంలో ఎప్పట్నుంచో ఉన్న బెడద. సైన్యాలు వదిలేసినవి కూడా గడ్డపారలకు బలైపోయాయి. నిజానికి ఆ ధనం భూమిలోకి పోయి ఉండే అవకాశం తక్కువ. ఓడిపోయి వచ్చిన రాజుకు సైన్యాన్ని మళ్లీ కూడగట్టాలి. కోటగోడలు బాగుచేయించాలి. ముట్టడులను తట్టుకోవాలి. పాతికేళ్లపాటు రాజ్యాన్ని నడపాలంటే పాతిపెట్టడానికి ఏం మిగులుతుంది?

పొరుగూళ్ల నుంచి మనుషులు వచ్చి పోతున్న గుడిలో గునపం పడదు. పర్యాటకులు రావడం వల్ల ఇలాంటి ఊళ్లకు జరిగే మేలు టీకొట్ల వ్యాపారం ఒక్కటే కాదు... కాపలా కూడా.

ఖజానా అధికారి కట్టిన గుడి

రెండో రోజు లేపాక్షికి. పెనుకొండ నుంచి హిందూపురం మీదుగా వెళ్లొచ్చు. హిందూపురానికి 15 కిలోమీటర్ల దూరం. ఇక్కడ కూర్మశైలం అనే తాబేలు ఆకారపు రాతి గుట్ట మీద వీరభద్రస్వామి ఆలయం ఉంది. అచ్యుతదేవరాయల కాలంలో, అంటే 1530ల నాటికి, పెనుకొండలో ఖజానా వ్యవహారాలు చూసిన విరుపన్న, ఆయన తమ్ముడు వీరన్న దీన్ని కట్టించారు. (కోట కట్టించిన వీర విరుపణ్ణ వేరు. ఆయన వీళ్లకంటే దాదాపు రెండు వందల ఏళ్ల ముందువాడు.)

ఊళ్లోకి రాగానే పలకరించేది బసవన్న. ఒకే బండరాయిని మలిచిన నంది. 27 అడుగుల పొడవు, 15 అడుగుల ఎత్తు. మెడలో గంటల హారాలు, మూపున నగిషీలు. ఇప్పుడే లేచి నడిచొస్తుందా అన్నట్టుంటుంది. అడవి బాపిరాజు దీన్ని చూసే పాట కట్టారు.

గుడి లోపల నాట్యమండపంలో 70 స్తంభాలు. ఒక్కో స్తంభం మీద ఒక్కో కళాకారుడు. రంభ ఆడుతుంటే బ్రహ్మ మృదంగం వాయిస్తుంటాడు, తుంబురుడు పాడుతుంటాడు, మూడు కాళ్ల భృంగి అడుగులు నేర్పుతుంటాడు. అందరూ గుమిగూడేది మాత్రం వేలాడే స్తంభం దగ్గర. నేలకు పూర్తిగా ఆనని ఆ స్తంభం కింద నుంచి చున్నీయో కండువాయో ఒక పక్క దూర్చి మరో పక్క లాగి మురిసిపోతారు. వెనక్కి వెళ్తే ఏడు పడగల నాగేంద్రుడి నీడలో శివలింగం. తల్లి వంట చేసి పిలిచేలోగా శిల్పులు దాన్ని చెక్కేశారని కథ.

తొందరపడేవాళ్లు పోగొట్టుకునేది తలపైన ఉంటుంది. మండపం కప్పు మీద రంగుల బొమ్మలు! పార్వతీ పరిణయం, కిరాతార్జునీయం, దూడకు న్యాయం చేసిన మనునీతి చోళుడు, పాచికలాడే శివపార్వతులు, ఎటు నిలబడితే అటే చూసే వటపత్రశాయి. వాటిలో ఆడవాళ్లు కట్టిన చీరల్నీ, మగవాళ్ల పొడవాటి కుళ్లాయిల్నీ చూడండి. నాలుగున్నర శతాబ్దాలకు పైబడిన ఫ్యాషన్ అది. గుడి కట్టించిన అన్నదమ్ములు కూడా ఆ బొమ్మల్లో చేతులు జోడించి నిలబడి ఉంటారు.

చివరగా కల్యాణమండపం. స్తంభాలు ఉన్నాయి, పైకప్పు లేదు. పని మధ్యలో ఆగిపోయింది. ఖజానా సొమ్మును అనుమతి లేకుండా గుడికి ఖర్చు పెట్టాడని రాజు కోపించాడనీ, శిక్ష పడేలోగా విరుపన్న తన కళ్లు తానే పెరికి గోడకు విసిరాడనీ చెబుతారు. పడమటి గోడ మీద ఎర్రటి రెండు మరకలను చూపించి అవే ఆ కళ్లంటారు. కథ నిజమో కాదో గానీ, ముందురోజు పెనుకొండ చూసి వచ్చినవాళ్లకు ఆ గోడ దగ్గర ఓ విషయం స్ఫురిస్తుంది. పెనుకొండలో దాచారనుకున్న ధనం కోసం తవ్వినవాళ్లకు ఏమీ మిగల్లేదు. పెనుకొండ ఖజానా నుంచి వచ్చిందంటున్న ఈ ధనం మాత్రం రాయిగా, రంగుగా ఇంకా అందరి కళ్ల ముందే ఉంది.

2022లో లేపాక్షి యునెస్కో తాత్కాలిక జాబితాలోకి చేరింది. 2024 జనవరిలో ప్రధాని ఇక్కడికి వచ్చి వెళ్లాక రద్దీ ఇంకా పెరిగింది. ఆ రద్దీలో కొంత పెనుకొండ వైపు కూడా మళ్లాల్సి ఉంది.

బెల్లం ఇక్కడ... పట్టు అక్కడ

తిరుగు దారిలో హిందూపురం. మురారిరావు ఘోర్పడే అనే మరాఠా సర్దారు కుటుంబంలోని హిందూరావు పేరు మీద వెలిసిన ఊరు. బెల్లం, చింతపండు, మిరపకాయల మార్కెట్‌కు పేరు పడింది. పట్టుగూళ్ల బజారు కూడా ఉంది. తెలుగులో మొదలుపెట్టిన బేరం కన్నడంలో ముగియడం ఇక్కడ మామూలే. భోజనానికి రాగి సంగటి, చెనక్కాయల ఊరుబిండి అడగాలి. పండగ రోజులైతే ఓళిగలు దొరక్కపోవు.

ఇక్కడి నుంచి పెనుకొండ మీదుగా రైలెక్కితే ధర్మవరం. క్రియాశక్తి ఒడయరు చెరువు తవ్వించి, తల్లి ధర్మాంబ పేరు ఊరికి పెట్టాడంటారు. వెడల్పాటి జరీ అంచులు, అంచుకు తగ్గ రంగులో నిండైన కొంగు... ధర్మవరం చీరకు భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. దుకాణంలో చీర కొనేముందు ఓ నేతన్న ఇంట్లో మగ్గాన్ని చూడాలి. గుంటలో కాళ్లు పెట్టి, పడుగులోంచి పేకను దాటిస్తూ రోజుల తరబడి కూర్చుంటేగానీ ఒక చీర దిగదు. అది చూశాక బేరమాడటానికి మనసొప్పదు. మరమగ్గం నకలుకూ చేతిమగ్గం చీరకూ ధరలో తేడా ఎందుకో కూడా తెలిసొస్తుంది.

ఒక పిల్లాడు చూసిన ఊరు

పెనుకొండను అందరికంటే బాగా చూసినవాడు ఒక పిల్లాడు. ఈ ఊళ్లో పెరిగిన పుట్టపర్తి నారాయణాచార్యులు (1914-1990) ఇంకా చిన్న వయసులోనే ఇక్కడి శిథిలాల మధ్య తిరిగి, ఆ వైభవాన్ని తలుచుకుని ‘పెనుగొండ లక్ష్మి’ కావ్యం రాశారు. తర్వాత ఆయన విద్వాన్ పరీక్షకు వెళ్తే, ఆ పుస్తకమే పాఠ్యగ్రంథంగా ఎదురైంది! ‘శివతాండవం’తో దేశమంతా పేరు తెచ్చుకున్న ఆ కవికి మొదటి బడి ఈ రాళ్లే.

రాళ్లు ఇంకా ఉన్నాయి. ఈసారి బెంగళూరు వెళ్లేటప్పుడు పిల్లల్ని కాసేపు అక్కడ దించి చూడండి. వాళ్లకేం కనిపిస్తుందో!

ఎలా వెళ్లాలి?

* హైదరాబాద్-బెంగళూరు 44వ నంబరు జాతీయ రహదారి పెనుకొండను ఆనుకునే వెళ్తుంది. బెంగళూరు విమానాశ్రయం కూడా ఇదే రోడ్డు మీద ఉంది.

* ధర్మవరం, పెనుకొండ, హిందూపురం... మూడింటికీ రైల్వేస్టేషన్లున్నాయి. ధర్మవరం జంక్షన్.

* బెంగళూరు నుంచి వచ్చేవాళ్లు లేపాక్షికి కొడికొండ చెక్‌పోస్టు దగ్గర మలుపు తిరగొచ్చు. హిందూపురం నుంచి బస్సులూ ఆటోలూ ఉంటాయి.

* అక్టోబరు నుంచి ఫిబ్రవరి దాకా అనుకూలం. ఎండాకాలం వెళ్తే పొద్దున్నే, సాయంత్రమే తిరగాలి.

* బస చేయడానికి హిందూపురం వీలుగా ఉంటుంది. మొదటి రోజు పెనుకొండ, రెండో రోజు లేపాక్షి... ఈ వరస మాత్రం మార్చొద్దు.